న్గామోలో ఆగాలి

ముప్పై దాకా లెక్కపెట్టండి తాతా, అంది సుకోలుహ్లే.
ఒక చెయ్యి మోకాలి మీద, ఒకటి మడమ కింద.
లాగకండి. నొక్కకండి.
కండ తనంతట తను ఒప్పుకునేదాకా
అలా పట్టుకుని ఉండండి, అంతే.

నాకు అంకెలు నిలవవు.
పదకొండు దగ్గర మనసు మార్కెట్టుకి పోతుంది,
అక్కడ నా కూతురు సిబోనిలే టమాటాలు గుట్టలు పోస్తుంటుంది,
గుట్టకి ఐదు, పైన కొసరొకటి.
పందొమ్మిదో ఇరవయ్యో తేలక
మళ్ళీ మొదటికొస్తాను.
నోమలంగ నా మొహంలోకే చూస్తుంది.
మూడేళ్ళది. నవ్వడానికి ఒళ్ళంతా కావాలి దానికి,
నవ్విందంటే కాళ్ళు రెండూ కత్తెర వేసుకుంటాయి.

పుట్టినప్పుడు ఏడుపు ఆలస్యమైంది.
ఏడు నిమిషాలన్నారు.
బండ్ల ఆలస్యాలు పుస్తకంలో రాసినవాణ్ణి నేను,
ముప్పై ఒక్క ఏళ్ళు గార్డుని.
ఏడు నిమిషాలని మేం ఆలస్యమని రాసేవాళ్ళమే కాదు.

సెరిబ్రల్ పాల్సీ, అని కాగితం మీద రాసిచ్చారు.
పక్కింటి మామోయో ప్రార్థన చేయించిన నూనె తెచ్చింది.
వద్దనలేదు.
పిక్కలు రుద్దడానికి పనికొస్తోంది.

నాకొచ్చిన వరస ఒకటే.
అందుకని కుడి మడమని అరచేతిలో పెట్టుకుని
బులవాయోలో బయల్దేరతాం:
ఎంపొపోమా.
న్యామండ్లోవు.
సామిల్స్, తలుపు తీస్తే రంపప్పొట్టు వాసన.
గ్వాయి.
గ్వాయి దాటాక పట్టాకి వంపు లేదు తల్లీ,
అడవిలో వంద కిలోమీటర్ల పైన, తాడు లాగి కట్టినట్టు.
రాత్రిళ్ళు ఇంజను దీపంలో ఏనుగులు,
ఎంత కూత వేసినా లేవవు, వాటికి లేవాలనిపిస్తేనే.
న్గామో.
డెటే.
హ్వాంగే, బొగ్గు.
మటెట్సి.
ఆ తర్వాత జలపాతం పొగ కనబడుతుంది,
అప్పటికి, ఒక్కోసారి,
మడమ కిందికి దిగుతుంది, వేలెడంత.

నా గార్డు పెట్టె మీద కూర్చోబెట్టి లేపుతాం,
పాదాలు నేలకి ఆనేలా.
ఇనప పెట్టె. ఎత్తు సరిగ్గా సరిపోయింది.
ఇన్నేళ్ళూ దేనికి మోశానో దాన్ని.

మొన్న గురువారం కరెంటు లేదు.
బొగ్గుల మీద జావ ఉడుకుతోంది, నాకు కునుకు పట్టింది,
గ్వాయి నుంచి సరాసరి డెటే వెళ్ళిపోయాను.

అరచేతిలో ఏదో తన్నింది.

బిగుసుకోవడం నేనెరుగుదును.
అది చెప్పకుండా వస్తుంది, దొంగలా, తలుపు చప్పుడుకి కూడా వస్తుంది.
ఇది అది కాదు.
ఇది నా వైపు చూసి వచ్చింది.
ఙా, అంది. ఙా.
మడమతో నా చేతిని నెట్టింది,
దిగాల్సిన మనిషి దిగనేలేదని
ఎవరో గొలుసు లాగినట్టు.

బండిని వెనక్కి నడిపించాను.
రూలు ఒప్పుకోదు. నడిపించాను.
న్గామో, అన్నాను.
అప్పుడు వదిలింది కాలు.

సోమవారం సుకోలుహ్లే ముందు
కావాలనే మూడుసార్లు న్గామో ఎగ్గొట్టాను.
నోమలంగ కిటికీ మీది ఈగని చూస్తూ పడుకుంది.
మీ మాట నమ్ముతాను తాతా, అని
పుస్తకంలో రాసుకుంది, పెన్సిలుతో.

నడుస్తుందా అని అడగడం మానేశాను.
అడిగినప్పుడల్లా ఆమె తల వంచుకుని
కాగితాలు సర్దేది. ఆ పిల్లకీ ఇరవై ఆరేళ్ళేగా.

ఇప్పుడు ఎడమ కాలు.
మొండిది. ఎంపొపోమా కూడా దాటలేదింకా.
మార్కెట్టు నుంచి వాళ్ళమ్మ వచ్చే వేళయింది,
జావ చల్లారిపోతోంది,
సిగ్నల్ పడలేదు.
సరే. పడనీ.
ఈ బండి గార్డుకి ఇప్పుడు వేరే డ్యూటీ లేదు.